సీఆర్‌గా ఉండాలా, మెంటార్‌గా ఉండాలా? ఒక బ్యాక్‌లాగ్ దాటిన అమ్మాయికి నా సమాధానం

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. పీలేరు దగ్గర పల్లె మీది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. తిరుపతిలో విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండి బీటెక్ మొదటి ఏడాది ముగించారు. లెక్కల్లో ఒక బ్యాక్‌లాగ్ పడింది, అంటే ఆ పేపరు తప్పారు, సప్లిమెంటరీలో గట్టెక్కారు. ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో ఒకవైపు క్లాసుకు సీఆర్‌గా, అంటే క్లాసు ప్రతినిధిగా ఉండమంటున్నారు, ఇంకోవైపు కొత్తగా చేరే పిల్లలకు స్టూడెంట్ మెంటార్‌గా పేరు ఇమ్మంటున్నారు. ఏది ఒప్పుకోవాలి, చదువు దెబ్బతింటుందా, ఇంగ్లీషు తడబడే మనిషి, పైగా ఒకసారి తప్పిన మనిషి ఇంకొకరికి ఏం చెప్పగలదు అన్నది మీ సందేహం.

మెంటార్‌గా ఒప్పుకోండి. సీఆర్ ఈ ఏడాదికి వద్దనండి. రెండూ కలిపి మాత్రం నెత్తిన వేసుకోకండి. మీరు లోపం అనుకుంటున్న ఆ బ్యాక్‌లాగే నా దృష్టిలో మీ అర్హత.

నేను తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. అందులో ఎనిమిదేళ్లు ఆడపిల్లల హాస్టల్‌కు డిప్యూటీ వార్డెన్‌ని. చివరి ఆరేళ్లు స్టూడెంట్ మెంటార్ల వ్యవహారం నా చేతిలోనే ఉండేది. వయసు పందొమ్మిది అని రాశారు కాబట్టి మధ్యలో ఎక్కడైనా 'అమ్మా' అంటే ఏమీ అనుకోకండి, పోయే అలవాటు కాదు.

సీఆర్ పనిని నేను తక్కువ చేయడం లేదు. అది లేకపోతే డిపార్ట్‌మెంట్ ఒక్క రోజు నడవదు. కానీ ఆ పని తీరు వేరు. సార్ అన్నది క్లాసుకు, క్లాసు అన్నది సార్‌కు మోయడం. అసైన్‌మెంట్లు పోగుచేయడం, ల్యాబ్ బ్యాచీల పేర్లు రాయడం, సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష రెండు రోజులు వెనక్కి జరపమని అరవై మంది తరఫున వెళ్లి ఒక్కరే చీవాట్లు తినడం. క్లాసంతా కట్టగట్టుకుని ఎగ్గొట్టిన రోజున మొదటి పిలుపు సీఆర్‌కే వస్తుంది. నిజం చెబితే క్లాసుకు ద్రోహి, చెప్పకపోతే సార్‌కు అబద్ధాలకోరు. మాట పడ్డా సాయంత్రానికి మర్చిపోగల వాళ్లకు అది మంచి శిక్షణ. మీరేమో 'నలుగురిలో నిలబడితే గొంతు ఎండిపోతుంది' అని రాశారు. మెంటార్‌కు నలుగురిలో మాట్లాడే పని దాదాపు ఉండదు. మెస్సులో ఒకరి పక్కన పళ్లెం పెట్టుకుని కూర్చుని, 'ఈ రోజు క్లాసులో ఏమైంది?' అని అడగడం, ఆ తర్వాత ఊరికే వినడం. గొంతు ఎండే వాళ్లకే ఇది బాగా వస్తుందని నా అనుభవం.

ఈ మాట ఇంత ధీమాగా చెప్పడానికి ముందు నేనొక పెద్ద పొరపాటు చేసి ఉన్నాను. మెంటార్లను ఎంచుకోమని మొదటి ఏడాది నాకు అప్పగించినప్పుడు మార్కుల జాబితా తెరిచి పైనుంచి పన్నెండు పేర్లు దించేశాను. అంతకంటే న్యాయమైన పద్ధతి ఏముంటుంది అనుకున్నాను. దసరా సెలవులు వచ్చేసరికి పన్నెండు గుంపుల్లో పది గుంపులు కలుసుకోవడమే మానేశాయి. ఒక మొదటి సంవత్సరం అమ్మాయిని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది: 'అక్క చాలా మంచిది మేడమ్. కానీ అక్కకు ఏదీ కష్టం అనిపించలేదు. నాకు అర్థం కాలేదని ఆమె ముందు చెప్పడానికి సిగ్గేసింది.'

మరుసటి ఏడాది జాబితా మూసేసి, ఒక సబ్జెక్టు తప్పి మళ్లీ పాసైన వాళ్లలో ఎవరికి ఇష్టమో చెప్పమన్నాను. సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ముందుకొచ్చాడు. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు. మొదటి సెమిస్టర్‌లో రెండు తప్పాడు. తన గుంపుతో మొదటి సమావేశానికి అతను తెచ్చింది ఒకే ఒక కాగితం, తన మొదటి మిడ్ జవాబు పత్రం. ముప్పైకి ఆరు. దాన్ని బల్లమీద పెట్టి, ఆ ఆరు పన్నెండు ఎలా అయ్యాయో, పన్నెండు ఇరవై రెండు ఎలా అయ్యాయో వరసగా చెప్పాడు. ఆ ఏడాది ఆ గుంపులో ఎవరూ మార్కులు దాచుకోలేదు. ఫస్టు ర్యాంకు పిల్లలకు దారి తెలుసు. గుంతలు ఎక్కడున్నాయో వాటిలో పడిన వాళ్లకు తెలుసు. మీరు లేచి ఇంకా ఏడాది కాలేదు కాబట్టి మీకు అన్నీ జ్ఞాపకం ఉంటాయి. మూడో సంవత్సరానికి మర్చిపోతారు, ఇది కూడా చూశాను.

అసలు పని మొదటి నలభై రోజుల్లోనే ఉంటుంది. ఏడాది పొడవునా మోయాల్సిన బరువు అనుకుని భయపడుతున్నారు మీరు. ఆరు వారాలు గట్టిగా నిలబడితే మిగిలింది దానంతట అది సాగుతుంది. నేను చూసిన మేరకు మొదటి ఆరు వారాలు వారానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆపైన గంట, గంటన్నర. అందుకే చదువు దెబ్బతింటుందా అన్న ప్రశ్నకు 'తినదు' అంటున్నాను. కాకపోతే మీ మొదటి మిడ్‌కు ముందు వారం గుంపుకు సెలవు ప్రకటించండి, మొహమాటపడకండి.

ఆ నలభై రోజుల్లో చేసే పనులు వింటే ఇంతేనా అనిపిస్తుంది. కొత్త పిల్లలు కష్టమైన సిద్ధాంతాల దగ్గర కూలబడరు, చాలా చిన్న వాటి దగ్గర కూలబడతారు. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో గీతలు గీసే డ్రాఫ్టర్ కొత్తది కొనాలా, సీనియర్ దగ్గర పాతది తీసుకోవచ్చా? ఆదాయ ధ్రువపత్రం కాలం చెల్లిపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుందా? మెస్ బిల్లు ఈ నెల ఎక్కువ ఎందుకు వచ్చింది? డివైడింగ్ పద్ధతి అంటే నెల ఖర్చును తిన్న రోజుల లెక్కన పంచుతారని, ఊరికి వెళ్లేటప్పుడు ముందుగా రాసి ఇస్తేనే ఆ రోజులు తగ్గిస్తారని ఎవరూ చెప్పరు. హాజరు సంగతి అంతకంటే ముఖ్యం. చాలా ఇంజినీరింగ్ కళాశాలల్లో 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఆ తక్కువను మన్నించమని కండొనేషన్ రుసుము కట్టాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. మొదటి నెలలో ఇంటి బెంగతో శుక్ర, శనివారాలు ఎగ్గొట్టి ఊరికి పోయిన పిల్లలకు ఈ లెక్క నవంబరులో తెలుస్తుంది. మీకు పీలేరు గంటన్నర ప్రయాణం కాబట్టి ఆ ఆకర్షణ ఎలాంటిదో తెలుసు. నా గుంపులకు నేను పెట్టిన నియమం ఒక్కటే: మొదటి నెలలో కనీసం రెండు ఆదివారాలు హాస్టల్లోనే గడపాలి. ఏడ్చినా సరే ఇక్కడే ఏడవాలి.

తిరుపతిలో చదివే పిల్లలకు ఇంకో ప్రత్యేకమైన కష్టం ఉంది, వేరే ఊళ్లలో మెంటార్లకు ఇది అర్థం కాదు. చుట్టాలు. పిల్ల తిరుపతిలో సీటు తెచ్చుకుందని తెలిసిన మరుక్షణం నుంచి మేనమామ భార్య తరఫు వాళ్లు కూడా ఫోను చేస్తారు. దర్శనం చేయించమంటారు, గది చూడమంటారు, తెల్లవారుజామున నాలుగింటికి రైల్వే స్టేషన్‌కు రమ్మంటారు. పద్దెనిమిదేళ్ల పిల్ల కాదనలేదు, ఆదివారాలన్నీ అలా కరిగిపోతాయి. బ్రహ్మోత్సవాల నెలలో అయితే చెప్పనే అక్కరలేదు. ఒక మెంటార్ దీనికి చక్కని మందు కనిపెట్టింది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయని, సర్వదర్శనం టోకెన్లు బస్టాండు ఎదురుగా శ్రీనివాసంలోనూ, రైల్వే స్టేషన్ దగ్గర విష్ణు నివాసంలోనూ ఇస్తారని, హాస్టల్లో బయటివాళ్లను ఉండనివ్వరని ఒక సందేశం రాసి పెట్టుకుంది. జూనియర్లంతా చుట్టాలకు దాన్నే పంపేవారు. 'మేడమ్ ఒప్పుకోరు' అన్న వాక్యం కూడా చివర చేర్చేది. నన్ను అడగకుండానే నా పేరు వాడుకుంది, పోనీ, మంచి పనికే కదా.

గుంపును మొదటిసారి ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకుంటే చాలామందికి వెంటనే తట్టేది అలిపిరి మెట్లు. నాకూ ఇష్టమే. అయితే ఆరుగురిలో ముస్లిం అమ్మాయో, క్రైస్తవ అబ్బాయో ఉంటే పాపం, రానని చెప్పలేరు, మనస్ఫూర్తిగా రాలేరు. మొదటి రోజే ఒకరిని ఇరకాటంలో పెట్టిన వాళ్లం అవుతాం. చంద్రగిరి కోటకు వెళ్లండి. బస్సులో అరగంట, అందరికీ ఒకటే కోట.

ఈ సందర్భంలో ఇంకొకటి చెప్పాలి. మెంటార్ అన్న మాట కొత్తది గానీ పని పాతదే. 1954లో ఎస్వీ విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచీ రాయలసీమ పల్లెల నుంచి ఇంట్లో మొదటిసారి పట్నం చదువుకు వచ్చిన పిల్లలు ఈ ఊరిని నింపుతూనే ఉన్నారు. నేను చదువుకునే రోజుల్లో హాస్టళ్లలో 'మదనపల్లె రూము', 'కుప్పం రూము' అని ఉండేవి. కొత్తగా వచ్చిన వాళ్లను తమ ఊరి అన్నలు, అక్కలు చేయి పట్టుకుని తీసుకెళ్లి పుస్తకాలు ఇచ్చేవారు, ఫీజు గడువు గుర్తుచేసేవారు. చాలా మంచి ఏర్పాటు, ఒక్కటే లోపం. ఆ ఊరి వాళ్లు ఎవరూ లేని పిల్ల, ఆ ఊరి నుంచి వచ్చినా కులం వేరైన పిల్ల ఆ లెక్కలో ఉండేది కాదు. అందుకే నేను గుంపులు ఎప్పుడూ చీటీలు తీసి వేసేదాన్ని. మీ గుంపులో ఎవరినీ ఇంటిపేరు అడగకండి. ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ వీధి, ఎవరి తాలూకు అని మనవాళ్లు అమాయకంగా అడుగుతున్నట్టే అడుగుతారు, నాలుగో ప్రశ్నకు ఎక్కడికి చేరతారో మీకూ తెలుసు. ఏం చదవడం ఇష్టం, హాస్టల్లో ఏ కూర నచ్చలేదు అని అడిగినా పరిచయం కుదురుతుంది.

ఇక చదువు చెప్పే భాగం. మీరు ట్యూషన్ మేడమ్ కానక్కరలేదు. నేను లెక్కల్లో చేసిన పద్ధతి చెబుతాను. ఎన్నో కళాశాలల్లో 'స్లో లెర్నర్స్' అని జాబితా తయారుచేసి నోటీసు బోర్డుకు అంటిస్తారు, సాయంత్రం వాళ్లకు ప్రత్యేక తరగతి పెడతారు. ఆత్మాభిమానం ఉన్న పిల్ల ఎవరైనా ఆ గదిలో కూర్చుంటుందా? 1973లో అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ అనే ఆవిడ సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పద్ధతి మొదలుపెట్టింది. దాని కీలకం చిన్నది: వెనకబడిన విద్యార్థులను ఏరడం కాదు, ఎక్కువ మంది తప్పే సబ్జెక్టును ఏరడం. ఆ సబ్జెక్టు పాసైన సీనియర్ ఒకరు మళ్లీ వెళ్లి అదే క్లాసులో కూర్చుంటారు, తర్వాత అందరికీ తెరిచిన గదిలో కలిసి చదివిస్తారు. పాఠం చెప్పరు, చదివే తీరు చూపిస్తారు. నేను దీన్ని మన కొలతకు కుదించి 'మ్యాథ్స్ గంట' అని పేరు పెట్టాను. బుధవారం సాయంత్రం, ఎవరైనా రావచ్చు. మొదటి వారం తొమ్మిది మంది వచ్చారు. మిడ్ ముందు వారం కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు, 95 శాతం వచ్చిన పిల్లలు కూడా. వాళ్లు వచ్చినప్పుడే మిగతా వాళ్ల సిగ్గు పోయింది.

మీ ఇంగ్లీషు గురించి ఎక్కువ ఆలోచించకండి. లెక్క తెలుగులో విడమరచి, చివర జవాబు ఇంగ్లీషులో ఎలా రాయాలో రెండు వాక్యాలు చూపిస్తే చాలు. తెలుగు మీడియం పిల్లకు 'ఇంటిగ్రేషన్ అంటే మనం ఇంటర్‌లో చేసిన సమాకలనమే' అని ఒక్క మాట చెప్పే మనిషి దొరకడం ఎంత ఊరటో, మీకు ఆ మనిషి దొరికి ఉంటే బ్యాక్‌లాగ్ పడేదే కాదేమో.

ఇప్పుడు మీ పని కానివి. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

ఒక మగపిల్లవాడు, చాలా మంచి మెంటార్, ఒక ఏడాది తన గుంపులో జూనియర్ భారాన్ని రెండు నెలలు ఒక్కడే మోశాడు. ఆ జూనియర్ ఒక రాత్రి బతకాలని లేదన్నాడట. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. మా మెంటార్ ఆ ఒట్టుకు కట్టుబడి, రాత్రిళ్లు ఆ గదిలోనే చాప వేసుకుని పడుకునేవాడు. మిడ్ పరీక్షలు రెండూ పోగొట్టుకున్నాడు. చివరికి తలుపు దగ్గర నిద్ర కళ్లతో నిలబడి ఉంటే వాచ్‌మన్ చూసి చెప్పాడు, అప్పుడు మాకు తెలిసింది. జూనియర్‌ను వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాం, ఇంటివాళ్లను పిలిపించాం, తేరుకున్నాడు, చదువు పూర్తి చేశాడు. మెంటార్‌ను అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఇలాంటిది వస్తే ఎవరికి చెప్పాలో మేం అతనికి ఒక్కసారి కూడా చెప్పి ఉండలేదు. తప్పు అతనిది కాదు, మాది.

అప్పటి నుంచి మొదటి సమావేశంలోనే మెంటార్ చేత ఈ మాట అనిపించేదాన్ని: 'మీరు చెప్పినవన్నీ నా దగ్గరే ఉంటాయి. ప్రాణానికి ప్రమాదం అనిపించినా, మిమ్మల్ని ఎవరైనా వేధిస్తున్నారని తెలిసినా మాత్రం నేను మేడమ్‌కు చెబుతాను.' ముందే చెప్పినది ద్రోహం కాదు. అలాంటి రాత్రి వస్తే మనిషిని ఒంటరిగా వదలకండి, వార్డెన్‌ను నిద్ర లేపండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఉంది, మీ గుంపులో అందరి ఫోన్లలోనూ మొదటి రోజే ఎక్కించండి. ఓదార్చడం మీకు వచ్చినంత చేయండి. వైద్యం మీ పని కాదు.

డబ్బు అప్పివ్వకండి. వంద రూపాయలైనా సరే. ఇచ్చిన రోజు నుంచి ఆ పిల్ల మిమ్మల్ని చూసి దారి మార్చుకుంటుంది. నిజంగా అవసరం ఉంటే డిపార్ట్‌మెంట్‌లో చెప్పండి, మా దగ్గర అధ్యాపకులం తలా కొంత వేసుకున్న చిన్న నిధి ఉండేది. ఫోనుకు వేళలు పెట్టుకోండి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ప్రమాదం అయితేనే. ఇది రాయడం తేలిక, పాటించడం కష్టం, నాకు తెలుసు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ తప్పు అనుకోరు కాబట్టి చెబుతున్నాను. 'చెల్లెమ్మా, నీ రాత ముత్యాల్లా ఉంది, నా రికార్డు రెండు పేజీలు రాసిపెట్టవా' అని అడిగే మెంటార్ అక్కలను చూశాను. ప్రేమగానే అడుగుతారు. 2009లో యూజీసీ తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో ర్యాగింగ్‌కు ఇచ్చిన నిర్వచనం చదవండి. కొత్త విద్యార్థి చేత తమ చదువు పనులు చేయించుకోవడం, బలవంతంగా ఖర్చు పెట్టించడం రెండూ అందులో ఉన్నాయి. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం అంతకు ముందే, 1997లోనే వచ్చింది. ఫ్రెషర్స్ పార్టీకి చందా అని జూనియర్ల దగ్గర వసూలు మొదలైతే మీరు అందులో ఉండకండి, ఎవరు పెద్దగా ఉన్నా సరే. జాతీయ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522.

ఆ 2009 నిబంధనల్లోనే మీకు పనికొచ్చే ఇంకో విషయం ఉంది, చాలామంది అధ్యాపకులు కూడా చూసి ఉండరు. ప్రతి విద్యా సంవత్సరం చివర, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన విద్యార్థులతో మెంటారింగ్ సెల్ ఏర్పాటు చేయాలి. ఆరుగురు కొత్తవారికి ఒక మెంటార్, ఆరుగురు మెంటార్లకు పై తరగతి మెంటార్ ఒకరు. ఈ ఆరు అన్న అంకె గాలిలోంచి రాలేదేమో అనిపిస్తుంది నాకు. ఎనిమిది మందిని ఇచ్చి చూశాను, ఇద్దరు కచ్చితంగా జారిపోతారు. దీన్ని కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైలులో చూపించే అధ్యాపక మెంటార్ల పట్టికతో కలిపేయకండి. అందులో ఒక్కో అధ్యాపకురాలికి ఇరవై మందో, అంతకంటే ఎక్కువో ఉంటారు. అది వేరే ఏర్పాటు, దాని పని దానికి ఉంది.

కాబట్టి ఒప్పుకునే ముందు డిపార్ట్‌మెంట్ అధిపతి హెచ్‌ఓడీ గారిని మూడు అడగండి. నాకు ఎంతమందిని ఇస్తారు? నా వెనక ఏ అధ్యాపకులు ఉంటారు, రాత్రిపూట ఫోను చేయవచ్చా? నాకు కుదరకపోతే మధ్యలో మానుకోవచ్చా? ఇరవై మందిని ఇస్తామన్నా, వెనక ఎవరి పేరూ చెప్పలేకపోయినా, అప్పుడు నా సలహా తిరగబడుతుంది: మర్యాదగా వద్దనండి. అలాంటి చోట మెంటార్ అంటే ఫోటోలో నిలబడే పని. మూడో ప్రశ్న అడగడానికి జంకుతారని తెలుసు. అడిగిన పిల్లల మీద నాకు గౌరవం పెరిగేది.

నాయకత్వం గురించి కూడా అడిగారు, 'ఎన్నికలు ఉంటే నిలబడాలని ఉండేది' అన్నారు. మన రాష్ట్రంలో విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో చెప్పే లింగ్డో కమిటీ సిఫార్సులు, 2006లో సుప్రీంకోర్టు ఆమోదించినవి, ఉన్నాయి. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, 75 శాతం హాజరు ఉండాలని, అచ్చు వేసిన పోస్టర్లు వాడకూడదని అందులో రాశారు. నియమాలు ఉన్నాయి, ఇక్కడ ఎన్నికలే లేవు. అందుకని మన దగ్గర నాయకత్వం అంటే నియమించే పదవులే. వాటిలో కొన్ని నిజంగా పని నేర్పుతాయి. మెస్ కమిటీలో ఒక సెమిస్టర్ ఉంటే కూరగాయల ధరలు, మనుషుల స్వభావం రెండూ తెలుస్తాయి. జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్ 1969 నుంచి నడుస్తోంది, ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. పల్లెలో శిబిరం పెడితే పట్నం పిల్లలకు మీరే గురువు అవుతారు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులప్పుడు, ముగ్గురు విద్యార్థి సభ్యులు ఉండాలని, వారిని విద్యార్థులే ఎన్నుకోవాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. బీటెక్ స్థాయి నుంచి ఒకరికి చోటు ఉంటుంది. దాని గురించి ఎవరూ అడగరు. మూడో సంవత్సరంలో మీరు అడగండి, మెంటార్‌గా ఒక ఏడాది విన్న చెవులు అక్కడ పనికొస్తాయి. సీఆర్ కూడా అప్పుడైతే మీకు బరువు అనిపించకపోవచ్చు.

రెజ్యూమెకు పనికొస్తుందా? వస్తుంది. 'స్టూడెంట్ మెంటార్' అని రెండు మాటలు రాసి వదిలేస్తే రాదు. ఆరుగురితో ఏడాది పనిచేశాను, వారానికి ఒకసారి లెక్కల గంట నడిపాను అని రాయండి. ఇంటర్వ్యూలో 'మీకు కుదరని సందర్భం చెప్పండి' అని అడుగుతారు. మీ గుంపులో ఒకరు మీ మాట వినని రోజు తప్పకుండా వస్తుంది, ఆ రాత్రి ఏం చేశారో నాలుగు ముక్కలు నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. పేర్లు రాయకండి.

మీరు చివర్లో 'వాళ్లు నన్ను అక్కా అంటే నవ్వు వస్తుందేమో' అని రాశారమ్మా. వస్తుంది, మొదటి వారం. తరగతులు మొదలవడానికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి కదా, మీ మొదటి సంవత్సరం డ్రాఫ్టర్, మినీ డ్రాయింగ్ బోర్డు ఇంట్లో ఉంటే అమ్మేయకండి. తుడిచి, స్క్రూలు బిగించి హాస్టల్‌కు తెచ్చుకోండి. మీ ఆరుగురిలో ఒకరికి అది కావాల్సి వస్తుంది.